అమెరికాలో ఆర్‌వీ నడుపుతూ చిన్న ప్రమాదం జరిగితే: కాలిఫోర్నియాలో ఏం చేయాలి, ఏం చేయకూడదు

కొడుకో కూతురో అమెరికాలో ఉంటారు. ఎండాకాలం సెలవులకు అమ్మీ, అబ్బా ఇక్కడి నుంచి వెళ్తారు. ఆర్‌వీ ఒకటి అద్దెకు తీసుకుని అందరూ కలిసి యోసెమిటీ, గ్రాండ్ కాన్యన్ చూడటానికి బయలుదేరతారు. ఆర్‌వీ అంటే చక్రాల మీద ఇల్లు. పడకలు, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్ అన్నీ అందులోనే ఉంటాయి. దారిలో హలాల్ తిండి దొరుకుతుందో లేదో అన్న బెంగ ఉండదు, పెద్దవాళ్లకు ఆగినచోట నడుం వాల్చే వీలుంటుంది. అందుకే మనవాళ్లకు ఇది నచ్చుతుంది.

కానీ ఇది కారు కాదు. అద్దెకు ఇచ్చే మామూలు ఆర్‌వీ 25 నుంచి 30 అడుగుల పొడవు, దాదాపు 12 అడుగుల ఎత్తు ఉంటుంది. రోజూ కారు నడిపేవాళ్లు కూడా ఒక్కసారిగా ఇంత బండి ఎక్కితే ఎక్కడో ఒకచోట గీసుకోవడం మామూలే. పెద్ద ప్రమాదాలు అరుదు. జరిగేవన్నీ సొట్టలు, గీతలు, విరిగిన అద్దాలు. చిక్కు ఏమిటంటే ఆ చిన్న గీతను మన అలవాటు ప్రకారం సర్దేసుకుని వెళ్లిపోతే, అక్కడ అది పోలీసు కేసు అవుతుంది.

ఎక్కడ తగులుతుంది

వెనక చక్రాల తర్వాత బండి ఇంకా చాలా అడుగులు బయటికి ఉంటుంది. స్టీరింగ్ ఎడమకు తిప్పితే ఆ తోక కుడివైపుకు జరుగుతుంది. పార్కింగ్ నుంచి బయటికి తీస్తూ పక్క కారు తలుపును గీసేది ఈ తోకే. డ్రైవర్ ముందే చూస్తుంటాడు కాబట్టి తగిలిన సంగతి కూడా తెలియకపోవచ్చు. రెండోది పైకప్పు. పెట్రోల్ బంకు కప్పు, ఫాస్ట్‌ఫుడ్ దుకాణం డ్రైవ్‌త్రూ, క్యాంప్‌గ్రౌండ్‌లో వంగిన చెట్టు కొమ్మ, వీటిలో ఏదైనా తగలొచ్చు. మూడోది కుడి అద్దం. ఇక్కడ మనం రోడ్డుకు ఎడమన నడుపుతాం, కుడి సీట్లో కూర్చుంటాం. అక్కడ రెండూ తిరగబడతాయి. ఎడమ సీట్లో కొత్తగా కూర్చున్నవాళ్లు తెలియకుండానే బండిని కుడికి నెడుతూ ఉంటారు. దాంతో అద్దం సైన్‌బోర్డుకో ఆగివున్న లారీకో తగులుతుంది.

వెనక్కి తీసేటప్పుడు ఒక మనిషి కిందికి దిగి, డ్రైవర్‌కు అద్దంలో కనిపించేచోట నిలబడి చెయ్యి ఊపితే వీటిలో చాలావరకు జరగవు. సిగ్గుపడాల్సిన పనేం లేదు, అక్కడివాళ్లూ అలాగే చేస్తారు.

తగిలిన వెంటనే

ముందు ఆపాలి. కాలిఫోర్నియా చట్టంలో ఇది మొదటి మాట, చివరి మాట కూడా. ఎవరికీ దెబ్బ తగలకపోయినా, సొట్ట ఎంత చిన్నదైనా, ట్రాఫిక్‌కు అడ్డంలేని దగ్గరి చోట బండి ఆపి తీరాలి. ఆపకుండా వెళ్తే ఆ రాష్ట్ర వాహన చట్టంలోని 20002 సెక్షన్ కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, 1,000 డాలర్ల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఇది ఆస్తి నష్టానికి మాత్రమే. మనిషికి గాయమై ఉంటే వర్తించే సెక్షన్ వేరు, శిక్ష చాలా ఎక్కువ.

వీసా మీద ఉన్నవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. అమెరికా వీసాకు నింపే డీఎస్-160 ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అన్న ప్రశ్న ఉంటుంది. బంపర్ గీసి వెళ్లిపోయిన సంగతి తర్వాతి స్టాంపింగ్‌లో ఎదురుపడుతుంది. వందల డాలర్ల నష్టం కోసం అంత తెచ్చుకోవడం తెలివి కాదు.

బండి ఆపాక హజార్డ్ లైట్లు వేయాలి. ఫ్రీవే మీదైతే అందరూ ట్రాఫిక్ లేని కుడి తలుపు నుంచే దిగి, రోడ్డు పక్కనున్న ఇనుప కంచె అవతలికి వెళ్లి నిలబడాలి. దిగే వీలు లేకపోతే బెల్టులు పెట్టుకుని లోపలే ఉండాలి. పిల్లలను ఒకరు గట్టిగా పట్టుకోవాలి. రెండు బండ్ల మధ్య నిలబడి సొట్ట చూస్తూ వాదించడం మన ఊళ్లో అలవాటు. ఫ్రీవే మీద ఆ అలవాటు ప్రాణం తీస్తుంది.

తర్వాత గ్యాస్. ఆర్‌వీలో పొయ్యికి, చాలా బండ్లలో ఫ్రిజ్‌కు, హీటర్‌కు కూడా ప్రొపేన్ సిలిండర్ ఉంటుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఏ స్విచ్చీ నొక్కొద్దు, పొయ్యి ముట్టుకోవద్దు. అందరూ దిగి దూరంగా వెళ్లాలి, సిలిండర్ వాల్వ్ భద్రంగా అందితే కట్టేయాలి, 911కి ఫోన్ చేయాలి. ప్రొపేన్ గాలికంటే బరువు, నేల దగ్గరే పేరుకుంటుంది. బండి కదిలేముందే గ్యాస్ కట్టేసి బయలుదేరడం ఉత్తమం. పొయ్యి మీద కూర ఉంచి 'ఐదు నిమిషాల దూరమేగా' అని బండి తీసేవాళ్లు కూడా ఉంటారు!

911కి ఫోన్ చేస్తే మొదట అడిగేది ఎక్కడున్నారని. ఫ్రీవే నంబర్, ఏ దిక్కుగా వెళ్తున్నారు, చివరగా దాటిన ఎగ్జిట్ నంబర్, ఈ మూడూ చెప్తే చాలు. ఇంగ్లీషు తడబడితే 'ఉర్దూ' అనో 'తెలుగు' అనో భాష పేరు చెప్పి ఇంటర్‌ప్రెటర్‌ను అడగొచ్చు. ఎవరికీ దెబ్బ తగలని చిన్న సొట్టకు చాలా నగరాల్లో పోలీసులు రారు, వివరాలు మార్చుకోమంటారు. అది నిర్లక్ష్యం కాదు, అక్కడి పద్ధతే అది. సౌదీలో ఇలాంటి చిన్నవాటికి నజ్మ్ మనిషి వచ్చి తప్పెవరిదో రాసిస్తాడు. దుబాయ్‌లో పోలీసు కాగితం లేకుండా ఏ గ్యారేజీ సొట్ట తీయదు. గల్ఫ్‌లో బండి నడిపిన అలవాటుతో అమెరికాలోనూ ఎవరో ఒకరు వస్తారని కూర్చుంటే ఎవరూ రాకపోవచ్చు. ఆ కాగితం పని డ్రైవరే చేసుకోవాలి.

పోలీసులు వస్తే డ్రైవర్ చేతులు కనిపించేలా ఉంచాలి. లైసెన్స్ తీసేముందు జేబులో ఉందనో సొరుగులో ఉందనో చెప్పి తీయాలి. 'ఇక్కడే తేల్చేద్దాం సర్' అని డబ్బు మాట ఎత్తొద్దు. అక్కడ లంచం ఇవ్వజూపడం సొట్టకంటే చాలా పెద్ద నేరం.

ఎదుటి మనిషితో ఏం మాట్లాడాలి

పేరు, చిరునామా, ఫోన్, లైసెన్స్ నంబర్, బండి నంబర్, ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, పాలసీ నంబర్ మార్చుకోవాలి. ఆర్‌వీ యజమాని అద్దె కంపెనీ కాబట్టి దాని పేరు, ఒప్పందం నంబర్ కూడా ఇవ్వాలి. ఒకరి కాగితాలు ఇంకొకరు ఫోటో తీసుకోవడం అన్నిటికంటే సులువు. సాక్షులుంటే వాళ్ల ఫోన్ నంబర్లూ తీసుకోవాలి.

'అయ్యో, దెబ్బేమైనా తగిలిందా' అనడానికి భయపడక్కర్లేదు. కాలిఫోర్నియా సాక్ష్య చట్టం 1160 సెక్షన్ ప్రకారం సానుభూతి మాటలను సివిల్ కేసులో తప్పు ఒప్పుకున్నట్టుగా వాడుకోలేరు. కానీ 'తప్పు నాదే, నేను చూసుకోలేదు' అంటే ఆ మాట వాడుకుంటారు. మర్యాదకు అనేసే మాటే అయినా అక్కడ దానికి విలువ కడతారు. పైగా ఆ రాష్ట్రంలో తప్పును శాతాల్లో పంచుతారు. ఎదుటివాడిది 70 శాతం, మనది 30 శాతం అని కూడా తేలొచ్చు. అది తేల్చాల్సింది ఇన్సూరెన్స్ వాళ్లు, రోడ్డు మీద మనం కాదు.

'300 డాలర్లు ఇచ్చేయ్, ఎవరికీ చెప్పొద్దు' అన్న బేరానికి దిగొద్దు. డబ్బు తీసుకున్నవాడు రెండు వారాల తర్వాత మెడ నొప్పి అని క్లెయిమ్ వేస్తే, చేతిలో కాగితం లేని మనమే ఇరుక్కుంటాం.

ఎదుటి మనిషే లేకపోతే

ఆర్‌వీ వాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే పరిస్థితి ఇదే. షాపు పార్కింగ్‌లో ఖాళీ కారును తోక గీసింది. యజమాని లోపలెక్కడో ఉన్నాడు. చుట్టూ ఎవరూ లేరు. చట్టం ప్రకారం ముందు యజమానిని వెతకాలి, షాపువాళ్లతో మైకులో చెప్పించినా సరే. దొరక్కపోతే కారు మీద బాగా కనిపించేచోట చీటీ పెట్టాలి. అందులో డ్రైవర్ పేరు, చిరునామా, బండి యజమాని అంటే అద్దె కంపెనీ పేరు, చిరునామా, ఏం జరిగిందో ఒకటి రెండు వాక్యాలు ఉండాలి. చీటీ పెట్టి వెళ్లిపోతే సరిపోదు. ఆలస్యం చేయకుండా ఆ నగర పోలీసులకు, ఊరి బయటైతే కాలిఫోర్నియా హైవే పెట్రోల్‌కు తెలపాలి. చీటీ పెట్టిన ఫోటో తీసుకోవాలి, గాలికి ఎగిరిపోతే అదే రుజువు. కంచె, గేటు, క్యాంప్‌గ్రౌండ్ కరెంటు స్తంభం తగిలినా ఇదే పద్ధతి.

యోసెమిటీ లాంటి నేషనల్ పార్కు లోపల జరిగితే అక్కడి రేంజర్లకు చెప్పాలి. అది ఫెడరల్ నేల. ఆస్తి నష్టమైనా, గాయమైనా 24 గంటల్లోపు తెలియజేయాలన్న నియమం ఉంది.

పది రోజుల ఫారం

చాలామందికి తెలియనిది ఎస్‌ఆర్-1 ఫారం. ఎవరికైనా ఏ కొంచెం గాయమైనా, ఎవరి ఆస్తికైనా 1,000 డాలర్లు దాటి నష్టం జరిగినా, 10 రోజుల్లోపు ఈ ఫారం కాలిఫోర్నియా డీఎంవీకి పంపాలి. తప్పు ఎవరిదైనా, పోలీసులు వచ్చి రాసుకున్నా, ప్రైవేటు స్థలంలో జరిగినా ఇది తప్పదు. పంపకపోతే డ్రైవింగ్ హక్కు సస్పెండ్ చేయొచ్చు. బంపర్ మార్చడానికే అక్కడ 1,000 డాలర్లు సులువుగా దాటుతాయి కాబట్టి అనుమానం ఉంటే పంపడమే మేలు. నెవాడా, ఆరిజోనా, యూటా దాటితే ఫారాలు, గడువులు వేరు. ఆగడం, వివరాలు ఇవ్వడం మాత్రం ప్రతి రాష్ట్రంలోనూ ఉంది.

బీమా ఎక్కడ చేయిస్తుంది, ఎక్కడ చెయ్యిస్తుంది

స్టీరింగ్ పట్టింది ఎవరన్నదే మొదటి ప్రశ్న. ఒప్పందంలో పేరు రాసినవాళ్లే నడపాలి. 'భాయ్, ఒక గంట నేను నడుపుతా' అని బావమరిది సీట్లో కూర్చున్నప్పుడు గీసుకుంటే బీమా మొత్తం కొట్టుకుపోవచ్చు. అందుకే నడపగలిగిన ప్రతివాళ్ల పేరూ మొదటి రోజే రాయించాలి. 18 దాటిన సందర్శకులు ఇండియా లైసెన్సుతో కాలిఫోర్నియాలో నడపొచ్చు. ఆర్టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ అసలు లైసెన్సుకు తోడు మాత్రమే, ఒంటరిగా చెల్లదు. అక్కడే నివాసం ఏర్పరుచుకున్నవాళ్లు మాత్రం 10 రోజుల్లో ఆ రాష్ట్ర లైసెన్సు తీసుకోవాలి. ఉద్యోగంలో చేరి నెలలైనా ఇండియా లైసెన్సుతోనే నడుపుతున్న పిల్లలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

రెండోది మొత్తం ఎంత అన్నది. 2025 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో కనీస బీమా ఒక మనిషి గాయానికి 30,000 డాలర్లు, ఒక ప్రమాదంలో అందరి గాయాలకు 60,000, ఆస్తికి 15,000. కొత్త కారు ఒకటి బాగా దెబ్బతింటే 15,000 చాలదు. అద్దె కంపెనీలు చాలావరకు ఈ కనీసం దగ్గరే ఆపుతాయి. పైకి అదనపు లయబిలిటీ కొనమంటే విసుక్కోకుండా లెక్క వేసుకోవాలి. క్రెడిట్ కార్డు ఇచ్చే అద్దె కారు బీమాలో చాలా కార్డులు ఆర్‌వీని మినహాయిస్తాయి. ఇంటి కారు పాలసీ కూడా ఆర్‌వీకి వర్తించకపోవచ్చు. పైకప్పు, అడుగు భాగం, బయటికి లాగే గుడారం నష్టాలను అద్దె ఒప్పందాలు తరచుగా పక్కనపెడతాయి. ఆర్‌వీలో దెబ్బ తగిలేది సరిగ్గా అక్కడే.

బండి తీసుకునే రోజే నాలుగు వైపులా, పైకప్పుతో సహా వీడియో తీయడం ఇందుకే. ప్రమాదం అయ్యాక అద్దె కంపెనీకి అదే రోజు ఫోన్ చేసి, వాళ్ల ఫారం నింపి, కాపీ ఉంచుకోవాలి. పిలవకుండా వచ్చిన టో లారీకి బండి అప్పగించొద్దు. తర్వాత ఎదుటివాళ్ల బీమా మనిషి ఫోన్ చేసి 'మాట రికార్డు చేస్తాం' అంటే ఒప్పుకోవాల్సిన పనిలేదు. క్లెయిమ్ నంబర్ చెప్పి అద్దె కంపెనీతో మాట్లాడుకోమనాలి.

పెద్దవాళ్లు, పిల్లలు

దడి మీద తల కొట్టుకుని 'ఏం కాలేదు బేటా' అనే పెద్దవాళ్ల మాట నమ్మి వదిలేయకూడదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు తలకు చిన్న దెబ్బ తగిలినా అదే రోజు ఆస్పత్రిలో చూపించాలి. లోపల నెమ్మదిగా రక్తం కారుతుంటే బయటికి వెంటనే తెలియదు. ఇండియాలో తీసుకున్న ట్రావెల్ ఇన్సూరెన్స్ నంబర్‌కు ముందే ఫోన్ చేస్తే బిల్లు తగాదా తగ్గుతుంది. మెడ, నడుం నొప్పి మర్నాడు బయటపడటం మామూలే, అప్పుడైనా డాక్టర్‌కు చూపించి కాగితం తీసుకోవాలి. బండి నడుస్తున్నప్పుడు వెనక మంచం మీద పడుకోవడం, పిల్లలు అటూ ఇటూ తిరగడం ఎంత చిన్న ప్రమాదాన్నైనా పెద్దది చేస్తాయి. కార్ సీటు దెబ్బతిని ఉంటే మళ్లీ వాడొద్దు.

అమ్మీ, అబ్బా తిరిగి హైదరాబాద్ చేరేసరికి క్లెయిమ్ ముగియకపోవచ్చు. కాలిఫోర్నియాలో ఆస్తి నష్టానికి మూడేళ్ల వరకు, గాయానికి రెండేళ్ల వరకు దావా వేయొచ్చు. 12,500 డాలర్ల వరకు మొత్తాలకు వకీలు లేకుండానే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళ్లొచ్చు. డ్రైవర్ ఇండియాకు వచ్చేసినా అక్కడి చిరునామాకు ఉత్తరాలు వస్తుంటాయి. అందుకే ఫోటోలు, ఫారం కాపీలు, అద్దె ఒప్పందం, పోలీసు రిపోర్టు నంబర్ కనీసం మూడేళ్లు దాచాలి. ఆ ఇంటి పోస్టుడబ్బా చూసేవాళ్లకు విషయం చెప్పి ఉంచాలి.