చికాగోలో ఒక వేసవి: అమెరికా జాతీయ గాథ పుట్టుక

1893 నాటి చికాగో పేరు చెప్పగానే మనవారికి వివేకానందుని ఉపన్యాసం జ్ఞాపకం వస్తుంది. కొలంబస్ అమెరికా చేరి నాలుగు వందల యేళ్లయిన సందర్భంగా అక్కడ ఏర్పాటైన ప్రపంచ ప్రదర్శనతోపాటే ఆ సర్వమత సభ జరిగింది. అయితే అదే వేసవిలో ఆ నగరం మరి మూడు ఘటనలను చూసింది. ఒక జాతి తన్ను గురించి ఎటువంటి కథ చెప్పుకుంటుంది, దేనిని మరుగుపరుస్తుంది అన్న ప్రశ్నకు ఆ మూడింటిని పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు దొరుకుతుంది.

జూలై 12న ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ అనే యువ చరిత్రోపాధ్యాయుడు చరిత్రకారుల సభలో ఒక వ్యాసం చదివాడు. వలస జనం నివసించే నేల ముగిసి అడవి మొదలయ్యే అంచు, అంటే ‘సరిహద్దు’, పడమటికి జరిగినకొద్దీ అమెరికన్ల స్వభావం రూపొందిందనీ, వారి ప్రజాస్వామ్యానికీ వ్యక్తి స్వాతంత్ర్యానికీ పుట్టినిల్లు అదేననీ ఆయన వాదించాడు. అటువంటి సరిహద్దు ఇక లేదని 1890 జనాభా లెక్కలు తేల్చాయి. అంటే, వాస్తవం అంతరించిన తరువాతనే గాథకు రూపం వచ్చిందన్నమాట.

రెండవది, ప్రదర్శనశాల పక్కనే బఫెలో బిల్ కోడీ నడిపిన ‘వైల్డ్ వెస్ట్’ ఆట. అందులో ఆదివాసులు దాడిచేసేవారు, తెల్లవారు ఆత్మరక్షణ చేసుకునేవారు. ఆ వేషాలు వేసినవారు నిజమైన ఆదివాసులే. 1890 డిసెంబరు 29న ఊండెడ్ నీ వద్ద అమెరికా సైన్యం స్త్రీలను, పిల్లలను కూడా విడిచిపెట్టక లకోటా ప్రజలను కాల్చిచంపి అప్పటికి మూడేళ్లయినా కాలేదు.

మూడవది మనం తరచు మరచేది. జూన్ 25న నగర శివార్లలోని వాల్డ్‌హైమ్ శ్మశానంలో హేమార్కెట్ అమరుల స్మారక చిహ్నాన్ని ఆవిష్కరించారు. 1886లో ఎనిమిది గంటల పనిదినం కోసం సాగిన పోరాటంలో, ఎవరు విసిరారో తేలని బాంబు నెపంతో, నలుగురిని ఉరితీశారు. మరునాడు, జూన్ 26న, జైలులో మిగిలివున్న ముగ్గురిని గవర్నరు ఆల్ట్‌గెల్డ్ విడుదలచేస్తూ, ఆ విచారణ అన్యాయమని ప్రకటించాడు.

ఈ మూడింటిలో మొదటి రెండూ జాతీయ గాథలో కలిసిపోయాయి. మూడవది కలవలేదు. ఎందుకు?

టర్నర్‌కు మనం అన్యాయం చేయరాదు. అమెరికన్ల గొప్పతనాన్ని జాతి రక్తంలో వెతికే పండితుల కాలంలో ఆయన నేల వైపు, జీవన పరిస్థితుల వైపు చూపు తిప్పాడు. కాని ఆయన ‘ఉచితమైన భూమి’ అన్నది ఎవరి భూమి? 1887 నాటి డాస్ చట్టం వచ్చేనాటికి ఆదివాసుల చేతిలో మిగిలినది సుమారు 13.8 కోట్ల ఎకరాలు. 1934 నాటికి అది 4.8 కోట్లకు తరిగిపోయింది. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద సామాన్యులకు 160 ఎకరాల చొప్పున భూమి దక్కిన మాట నిజమే. కాని ఫెడరల్ ప్రభుత్వం రైలు కంపెనీలకు ధారపోసినది కూడా 13 కోట్ల ఎకరాల దాకా ఉంటుంది. కొండలు తొలిచి పడమటి రైలుదారి వేసిన కూలీలలో అత్యధికులు చైనీయులు. 1882లో చట్టం చేసి ఆ దేశపు కూలీలకే తలుపులు మూశారు.

ఇక ఆ గాథకు నాయకుడైన కౌబాయ్ సంగతి. గుర్రమెక్కి ఒంటరిగా తిరిగే ఆ స్వేచ్ఛాజీవి నిజానికి పెద్ద పశువుల ఆసాముల దగ్గర నెలజీతగాడు. వారిలో నల్లవారు, మెక్సికన్లు ఎందరో ఉన్నారు. 1883లో టెక్సాస్‌లో కౌబాయ్‌లు నెలకు 50 డాలర్ల జీతం కోరి సమ్మె చేశారు, ఓడిపోయారు. వెండితెర మీద లెక్కలేనన్ని కౌబాయ్ కథలు వచ్చాయి. ఆ సమ్మె కథ మాత్రం వారి జాతీయ గాథకెక్కలేదు.

ఇందులోని మర్మం ఇదే. ప్రభుత్వం, సైన్యం, పెట్టుబడి కలిసి చేసిన పనిని గాథ ఒక ఒంటరి వీరుని సాహసంగా మార్చింది. ఎవడి బ్రతుకు వాడి భుజబలం మీదనే ఆధారపడుతుందని నమ్మిన దేశంలో సమ్మె స్వభావ విరుద్ధంగా, సంఘం పరదేశపు తెగులుగా కనిపిస్తుంది. 1894లో చికాగోలోనే పుల్‌మన్ రైలు కార్మికుల సమ్మెను ఫెడరల్ సైన్యం అణచివేసింది. ఆ సమ్మె నడుస్తుండగానే అధ్యక్షుడు క్లీవ్‌లండ్ సెప్టెంబరులో ఒక దినాన్ని కార్మిక సెలవుగా ప్రకటించే చట్టంపై సంతకం చేశాడు. 1958లో మే 1వ తేదీని ‘విధేయతా దినం’గా శాసించారు!

గాథ దేశం ఎల్లలు కూడా దాటింది. 1898లో క్యూబా యుద్ధానికి వెళ్లిన రూజ్‌వెల్ట్ దళం ‘రఫ్ రైడర్స్’ అన్న పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. అది బఫెలో బిల్ ఆటలో వాడిన పేరే. వియత్నాంలో అమెరికన్ సైనికులు శత్రువు తిరిగే నేలను ‘ఇండియన్ల సీమ’ అని పిలిచారు.

కాబట్టి ఏ జాతీయ గాథనైనా చదివేటప్పుడు అది నిజమా, అబద్ధమా అని అడిగి ఊరుకుంటే చాలదు. అందులో ఎవరి నేల, ఎవరి చెమట కనిపించకుండా పోయాయో కూడా అడగాలి. చికాగో కార్మికుల జ్ఞాపకాన్ని వారి దేశం పక్కకు నెట్టింది. అయినా అది నశించలేదు. 1923 మే 1న మద్రాసు సముద్రతీరాన సింగారవేలు నాయకత్వాన కార్మికులు ఆ దినాన్ని తమదిగా జరుపుకున్నారు.