చైనా ఫ్రీస్టైల్ స్కీయింగ్: జిమ్నాస్టిక్స్ పునాదిపై ఎదిగిన హిమక్రీడ

ప్రవేశిక:

ఒక దేశంలో ఏ క్రీడయినా సాధారణంగా కింది నుంచి పైకి పెరుగుతుంది. ముందు ఆడేవారు పుడతారు, తరువాత పోటీలు వస్తాయి, పతకాలు చివరి మాట. ఆల్ప్స్ పర్వత ప్రాంతాలలోను, స్కాండినేవియాలోను స్కీయింగ్ ఈ క్రమంలోనే ఎదిగింది. చైనాలో ఫ్రీస్టైల్ స్కీయింగ్ చరిత్ర ఇందుకు భిన్నమైనది. అక్కడ ముందు పతకాలు వచ్చాయి. స్కీయింగ్ ప్రజావినోదంగా విస్తరించింది ఆ తరువాతే. ఈ తలకిందుల క్రమం ఎలా సాధ్యమైందో, దాని పరిమితులేమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఏరియల్స్ ఎంపిక:

ఫ్రీస్టైల్ స్కీయింగ్ అనేక విభాగాల సముదాయం. వాటిలో మొగుల్స్ 1992లోను, ఏరియల్స్ 1994లోను ఒలింపిక్ పతకాంశాలయ్యాయి. హాఫ్‌పైప్, స్లోప్‌స్టైల్, బిగ్ ఎయిర్ ఆ తరువాత చేరాయి. చైనా తొలినాళ్లలో ఏరియల్స్‌పైనే దృష్టి నిలపడానికి బలమైన కారణం ఉంది. ఈ విభాగంలో క్రీడాకారుడు మంచు వాలుపై నేరుగా జారివచ్చి, నిటారుగా కట్టిన మంచు దిమ్మె మీదుగా గాలిలోకి ఎగిరి, పల్టీలు, మెలికలు పూర్తిచేసి కిందికి దిగుతాడు. ఎగరడం, గాలిలో శరీర విన్యాసం, దిగడం అనే మూడింటికీ ఇచ్చిన మార్కులను ఆ విన్యాసపు క్లిష్టతాంకంతో గుణిస్తారు. అంటే కొండలపై ఏళ్ల తరబడి స్కీ చేసిన అనుభవం కన్నా, గాలిలో శరీరంపై అదుపు ఇక్కడ ఎక్కువ విలువైనది. ఆ అదుపు జిమ్నాస్టిక్స్, సర్కస్ తరహా విన్యాసాలు నేర్చిన పిల్లలకు అప్పటికే ఉంది. అటువంటి పిల్లలకు చైనాలో కొదవ లేదు. వారి కాళ్లకు స్కీలు కట్టడమే మిగిలింది.

ఈశాన్య చైనాలోని షెన్యాంగ్ క్రీడా విశ్వవిద్యాలయం ఈ ప్రయోగానికి కేంద్రమైంది. మంచు లేని నెలల్లో ప్లాస్టిక్ పరచిన వాలు మీదుగా ఎగిరి నీటి కొలనులో దిగుతూ సాధన చేయడం ఈ క్రీడలో అన్ని దేశాల పద్ధతి. అయితే నీరు పల్టీని నేర్పుతుందే కాని, గట్టి మంచుపై రెండు స్కీల మీద నిలబడడాన్ని నేర్పదు. చైనా క్రీడాకారుల తరువాతి చరిత్రలో పెద్ద భాగం ఈ ఒక్క లోటు చుట్టూనే తిరిగింది.

పతకాలు, పరాజయాలు:

1998 నాగానో ఒలింపిక్స్‌లో షు నాన్నాన్ సాధించిన రజతం ఈ కార్యక్రమానికి తొలి గుర్తింపు. 2006 టొరీనోలో కెనడా శిక్షకుడు డస్టిన్ విల్సన్ వద్ద తయారైన హాన్ షియావోపెంగ్ 250.77 పాయింట్లతో స్వర్ణం గెలిచాడు. మంచుపై జరిగే క్రీడలలో చైనాకు అది మొదటి ఒలింపిక్ స్వర్ణం. విన్యాస శిక్షణ నుంచి వచ్చిన హాన్ స్వస్థలం జియాంగ్సు రాష్ట్రంలోని షూజౌ ప్రాంతం. స్కీయింగ్‌కు ఏమాత్రం పేరులేని చోటు.

ఆ తరువాత పదహారేళ్లు స్వర్ణం రాలేదు. పతకాలు రాకపోలేదు. లీ నీనా 2006లో, 2010లో రజతాలు గెలిచింది. 2014లో షు మెంగ్‌టావోకు రజతం దక్కింది. 2018లో జియా జోంగ్‌యాంగ్ కేవలం 0.46 పాయింట్ల తేడాతో ఉక్రెయిన్ క్రీడాకారుడు అబ్రమెంకో వెనుక నిలిచాడు. అత్యంత క్లిష్టమైన విన్యాసాన్ని ఎంచుకోవడం చైనా జట్టు బలం. దిగేటప్పుడు తడబడితే ఆ బలమే ఎదురు తిరిగేది. మోకాలి గాయాలు సరేసరి. ఈ ఏళ్లను వైఫల్యకాలంగా లెక్కించడం సరికాదు. 2022లో గెలిచినవారు ఈ ఓటముల్లోనే తయారయ్యారు.

2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో షు మెంగ్‌టావో 108.61 పాయింట్లతో, చీ గ్వాంగ్‌పు 129.00 పాయింట్లతో స్వర్ణాలు గెలిచారు. ఇద్దరికీ అవి నాలుగో ఒలింపిక్స్. ఇద్దరి వయసూ 31. చీ కూడా షూజౌ ప్రాంతంవాడే కావడం విశేషం. నాలుగేళ్ల వయసులో జిమ్నాస్టిక్స్ మొదలుపెట్టిన షు పన్నెండేళ్లకు ఏరియల్స్‌కు మారింది.

భవిష్యత్తు:

అవే క్రీడల్లో ఐలీన్ గూ బిగ్ ఎయిర్, హాఫ్‌పైప్‌లలో స్వర్ణాలు, స్లోప్‌స్టైల్‌లో రజతం గెలిచింది. ఈ విజయాలను పై చరిత్రకు కొనసాగింపుగా భావించడం పొరపాటు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టి, అమెరికా కొండలపై స్కీయింగ్ నేర్చిన గూ 2019లో చైనా పక్షాన పోటీకి దిగింది. ఆమె పతకాలు చైనావే. ఆమెను తీర్చిన వ్యవస్థ మాత్రం చైనాది కాదు.

అటువంటి వ్యవస్థకు కావలసిన నేల ఇప్పుడిప్పుడే ఏర్పడుతోంది. 2015లో ఒలింపిక్ ఆతిథ్యం దక్కినప్పటి నుంచి 30 కోట్ల మందిని హిమక్రీడల వైపు మళ్లించాలన్న ప్రభుత్వ లక్ష్యం విస్తృతంగా ప్రచారమైంది. హార్బిన్‌లోను, మంచు ఎరుగని గ్వాంగ్‌జౌలోను భారీ ఇండోర్ స్కీ కేంద్రాలు వెలిశాయి. 2024లో షాంఘైలో మరొకటి తెరుచుకుంది. వీటిలో వారాంతాల్లో స్కీ చేసే పిల్లలు స్లోప్‌స్టైల్ వైపో, హాఫ్‌పైప్ వైపో వెళ్లగలరు. ఏరియల్స్ వైపు వెళ్లే దారి మాత్రం వారికి దాదాపు లేదు. డబ్బు చెల్లించి సరదాగా మూడు పల్టీలు కొట్టే ఏర్పాటు ఏ వినోద కేంద్రంలోనూ ఉండదు. అందువల్ల చైనాకు తొలి కీర్తి తెచ్చిన విభాగం ఇకముందు కూడా జిమ్నాస్టిక్స్ శిక్షణశాలల నుంచే పిల్లలను వెతుక్కోవలసి ఉంటుంది. పన్నెండేళ్ల పిల్లను మరో క్రీడకు మళ్లించే నిర్ణయం ఆ పిల్లదా, శిక్షకులదా అన్న ప్రశ్న కూడా దానితోపాటే కొనసాగుతుంది.