గుండ్లకమ్మ యొడ్డున

ధాతనామ సంవత్సరపు కరవును గన్నులార జూచినవా రిప్పు డెవ్వరును లేరు. 1876లో వానలు తప్పినవి. మఱుసటి యీశ్వర సంవత్సరమునను కాలము కలిసిరాలేదు. చెన్నరాజధానిలో లక్షలకొలది జనులు మడిసిరి. ఆ కరవు నడుమ ఒంగోలు సీమలోని బాప్టిస్టు సంఘమునకు గలిగిన మార్పునుగూర్చి మనవి చేయుదును. కూటికొఱకు మతము పుచ్చుకొనిరని వీరినిగూర్చి యొక మాట వాడుకలో నున్నది. అది యెంతవఱకు నిజమో పెద్దలగు మీరే విచారింపుడు.

అమెరికా బాప్టిస్టులు 1840లో నెల్లూరున మిషను నెలకొల్పిరి. పదుమూడేండ్లకును ఫలము స్వల్పము. దీనిని మూసివేయుదమా యని 1853లో వారి దేశమందలి సభలో చర్చ జరిగెను. పటములో నొంటిగా నుండుటచే దీనికి ‘ఒంటిచుక్క’ యను పేరు వచ్చినది. 1866లో జాన్ క్లౌ దొర ఒంగోలు చేరెను. 1867 జనవరి 1వ తేదిని ఎనిమండుగురితో నచట సంఘ మేర్పడెను.

మొదట అగ్రవర్ణముల పిల్లలు దొర బడికి వచ్చిరి. మాదిగవారు సంఘమున జేరగనే వా రా బడి మానిరి. మాదిగలలో బోధకుడు ఎఱ్ఱగుంట్ల పేరయ్య, తోలుపనివాడు. మునుపు యోగమార్గమున గురువుల సేవించి యీ దారికి వచ్చినవాడు. చేరినవారికి నియమములు మూడే: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుటకు స్వల్పములే. కాని కోతలు ఆదివారమని యాగవు. జాతరకు డప్పు లేకున్న జరుగదు. కావున నూళ్లలో తగవులు పుట్టినవి. చేరినవారు పెక్కుబాధలు పడిరి. ఆనాడు పెద్దరికము చేసినవారు మనవంటివారే యని మఱువరాదు.

అంతలో కరవు వచ్చెను. దొరతనమువారు కరవుపనిగా బకింగుహాము కాలువ త్రవ్వింప నారంభించిరి. క్లౌ దొర యౌవనమున భూములు కొలుచు పని నేర్చినవాడు. అతడు మూడున్నర మైళ్ల కాలువకు గుత్త పట్టి వేలకొలది జనులకు గూలి కల్పించెను. సంఘబోధకులే మేస్త్రులైరి. పగలెల్ల మన్ను మోయించి, పని నిలిచినపు డా కూలివాండ్ర నడుమనే కూర్చుండి క్రీస్తుకథ చెప్పిరి. వాంతిభేదులు వచ్చినపుడును వారిని విడువలేదు. ఏండ్లకొలది సంచారముచే గుదురని చనువు ఆ పారకడను గుదిరినది.

జనులు బాప్తిస్మ మడుగజొచ్చిరి. క్లౌ దొర యియ్యలేదు. సహాయద్రవ్యము తన చేతిలో నున్నంతకాలము ఎవరిని జేర్చుకొన్నను అది గంజి విలువయే యగునని యతని శంక. ఏడాదికి పైగా నా తలుపు మూసియే యుంచెను. మిషనరీ యగువాని కిది యెంత కష్టమో యోచింపుడు. తుదకు 1878 నడుమ, ఇక ధర్మము లేదు, పైకము లేదు, పొండని చెప్పించెను. వారు పోలేదు. బొబ్బలెక్కిన చేతులు చూపి, మేము కష్టించి బ్రదుకుదుము, సంఘమున మాత్రము చేర్చుకొనుమని వేడిరట.

1878 జూలై 3వ తేదిని ఒంగోలునకు ఉత్తరమున వెల్లంపల్లికడ గుండ్లకమ్మలో నొక్కదినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ యేడు బహుధాన్య. పేరు మాత్రము చక్కనిది. నీటిలో దిగినవాడు క్లౌ దొర కాదు. ఆఱుగురు తెలుగు బోధకులు, ఇద్దఱిద్దఱు చొప్పున వంతులు మాఱుచు, ఉదయమును సాయంకాలమును ఆ పని నడపిరి. సంవత్సరాంతమునకు జేరినవారు 9,606 మంది.

కరవే వారిని దెచ్చినదనుట సగము సత్యము. ఆకలి వారిని కాలువకు దెచ్చినది; ఏటికి దెచ్చినది మఱియొకటి. గంజికై వచ్చినవా రయినచో గంజి నిలిచినపుడే మరలిపోవలసినది. సంఘమునందును మార్పు గలిగినది. ఇంతమందిని ఒక్క దొర పరామర్శింపజాలడు. ఊరూర పంచాయతి పద్ధతిని పెద్దలేర్పడిరి. మూడు నెలలకొకసారి బోధకులు ఒంగోలున గూడి తమ యూళ్ల సంగతులు చెప్పుకొనిరి. ‘ఒంటిచుక్క’ మిషనును మూయుదమను మాట పోయినది.

కులపు గీటు మాత్రము పోలేదు. ఆ సంఘము చాలకాలము మాదిగసంఘముగనే యుండెను. తక్కిన కులములవారు తమకు వేఱు సంఘములు వెదకికొనిరి. 1910లో క్లౌ దొర మరణించునాటికి నది యట్లే యుండెను.