జనానాకు నక్షా ఎవరు గీయాలి?



మన మార్కాపురం, కంభం, గిద్దలూరు నిజాం చేతుల్లోంచి కుంపెనీ చేతుల్లోకి పోయింది 1800 అక్టోబరు ఒప్పందంతో. దాని మీద కుంపెనీ తరఫున దస్తఖత్ చేసినవాడు హైదరాబాద్ రెసిడెంట్ జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. ఖైరున్నిసా బేగంను నికాహ్ చేసుకున్న దొర ఆయనే. హైదరాబాద్ కోఠీ కట్టించిందీ ఆయనే.

ఆ జాగా గురించి ఒక ఖిస్సా ఉంది. దాని నక్షాను పెద్ద కాగితం మీద గీయించి పట్టుకెళ్తే నిజాం కుదరదన్నారట. తన సల్తనత్ నక్షానైనా అంత పెద్దది చూడలేదాయన! అదే జాగాను చిన్న కార్డు మీద గీసి చూపిస్తే మంజూరు చేశారట. పాత నక్షాలు చదివేవాళ్లకు మొదటి సబక్ ఇదే. కాగితం సైజు కాదు, స్కేలు చూడాలి.

తర్వాత దర్వాజాలు చూడాలి. పర్దా ఉన్న హవేలీలో మర్దానా నుంచి జనానాలోకి చూపు తిన్నగా పారదు, దారి ఒక మలుపు తిరుగుతుంది. నీళ్ల మోరీ ఎటు పోతుందో చూస్తే గుసుల్‌ఖానా దొరుకుతుంది.

నక్షాలో లేనివి తస్వీరులో ఉంటాయి: మస్నద్, చిక్కులు, ఖాలీన్లు. అయితే మన దక్కనీ ముసవ్విర్లు పెద్దమనిషిని పెద్దగా గీసేవారు, గోడను ఎదుటినుంచీ నేలను పైనుంచీ చూపేవారు. కాబట్టి తస్వీరు నుంచి కొలతలు తీయకూడదు. కమాన్లు ఎన్ని, స్తంభాలు ఎన్ని అని లెక్కపెట్టాలి.

ఇదంతా మర్దానాకు బాగానే పనికొస్తుంది. కోఠీ మెట్లు, సింహాలు, దర్బార్ హాలు ఇవాళ్టికీ ఉన్నాయి. 1949 నుంచి అక్కడ ఆడపిల్లల కాలేజీ నడిచింది. బేగం ఉన్న రంగ్ మహల్ మాత్రం లేదు, 1860లో కూలగొట్టేశారు. పర్దాలో ఉన్న ఆమె కోఠీ ముందుభాగం చూడలేరని, ఆమె బాగ్‌లోనే కోఠీకి చిన్న నమూనా కట్టించారని చెబుతారు. మర్దానాకు అసలూ నకలూ రెండూ మిగిలాయి. జనానాకు పేరు మిగిలింది. బయటి ముసవ్విర్ లోపలికి రాలేడు, సర్వేయరూ రాలేడు. లోపలివాళ్లను ఎవరూ అడగలేదు.

మన కంభం, గిద్దలూరు పాత ఇళ్లకూ ఇదే జరుగుతోంది. వాటాలు పంచుకుంటున్నాం, కూలగొడుతున్నాం, స్లాబు వేస్తున్నాం. తప్పనను. కూలగొట్టే ముందు ఒక్క పూట టేపు పట్టుకోండి. నానీనో దాదీనో పక్కన కూర్చోబెట్టుకుని అడగండి: దాలాన్ ఎక్కడ, బావర్చీఖానా ఎటు, కాన్పులు ఏ గదిలో అయ్యేవి, మగవాళ్లు వస్తే ఆడవాళ్లు ఏ దర్వాజాలోంచి తప్పుకునేవాళ్లు? గీయడానికి మన మార్కాపురం పలక చాలు, ఆ తర్వాత కాగితం మీద ఎక్కించండి. కింద తారీఖు, చెప్పినావిడ పేరు రాయండి. రంగ్ మహల్‌కు ఆ పని చేసినవాళ్లు లేకపోయారు.