ఊలు నిద్రసంచి

ఊలు నిద్రసంచి అనునది చలిరాత్రులలో పసిపిల్లలను పడుకోబెట్టేటప్పుడు తొడిగే, చేతులు లేని సంచివంటి ఉడుపు. దీని పైభాగం బనియనులా భుజాలపై నిలుస్తుంది. చంకల కింది భాగం మూసిన సంచిలా ఉండి, లోపల కాళ్ళు ఆడించుకోవడానికి చోటిస్తుంది. ఆంగ్లంలో దీనిని స్లీప్ శాక్ అనీ, జర్మన్ భాషలో ష్లాఫ్‌జాక్ అనీ అంటారు. డచ్చివారు ట్రాపెల్‌జాక్, అనగా కాళ్ళు తన్నుకునే సంచి అంటారు. ఈ పేర్లలో పనికి తగినది ఇదే.

నేపథ్యం

పసిబిడ్డ తన్నేసిన దుప్పటి పక్కకు పోతే చలి వేస్తుంది. ముఖంమీదికి వస్తే ఊపిరాడదు. 1992లో అమెరికా శిశువైద్యుల అకాడమీ శిశువులను బోర్లా పడుకోబెట్టరాదని సూచించింది. 1994లో అక్కడ "బ్యాక్ టు స్లీప్" ప్రచారం మొదలైంది. ఆ తరువాతి సంవత్సరాలలో ఆకస్మిక శిశు మరణాలు ఆ దేశంలో సగానికి పైగా తగ్గాయి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలనీ, పక్కలో వదులు దుప్పట్లు, దిండ్లు ఉంచరాదనీ చెప్పే సలహాతో పాటే నిద్రసంచికి ఆదరణ పెరిగింది. వీటి భద్రతకు బ్రిటన్‌లో 2009లో బిఎస్ 8510, ఐరోపాలో 2018లో ఈఎన్ 16781 అనే ప్రమాణాలు వెలువడ్డాయి. అయితే ఇంట్లో అల్లిన సంచిని పరీక్షించేవారు ఎవరూ ఉండరు కనుక ఆ బాధ్యత అల్లేవారిదే.

ఊలు

సన్నని మెరీనో ఊలు శ్రేష్ఠం. ఊలు తన బరువులో దాదాపు మూడవ వంతు తేమను పీల్చుకోగలదు, తేలికగా అంటుకోదు. తెలంగాణ, రాయలసీమలలో గొంగళ్ళు నేసే దక్కనీ గొర్రెల ఉన్ని ముతకది. కప్పుకోవడానికి ఎంత మేలైనదైనా పసివారి చర్మానికి గరుకు.

అల్లిక

డబుల్ నిట్టింగ్ రకపు ఊలును 4 మి.మీ. సూదులతో అల్లితే సాధారణంగా 10 సెం.మీ.కు 22 కుట్లు, 28 వరుసలు వస్తాయి. ముందుగా చిన్న నమూనా ముక్క అల్లి, ఉతికి, ఆరిన తరువాత కొలవాలి. ఆరు నెలల బిడ్డకు భుజం నుండి అంచు వరకు 60 సెం.మీ., అనగా 168 వరుసలు, సరిపోతుంది. కింది చుట్టుకొలతకు 160 కుట్లు (సుమారు 73 సెం.మీ.) ఎక్కించి, ఛాతీ వద్దకు వచ్చేసరికి 116 కుట్లకు (సుమారు 53 సెం.మీ.) తగ్గించాలి. కింది భాగం ఇరుకైతే మోకాళ్ళు మడిచి పక్కలకు చాపడం కుదరదు. అది తుంటి కీళ్ళకు మంచిది కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మెడ. అల్లిక ఉచ్చులతో ఏర్పడుతుంది కనుక నేతబట్టకన్నా బాగా సాగుతుంది. ఆరు నెలల బిడ్డ తల చుట్టుకొలత సుమారు 43 సెం.మీ. ఉంటుంది. భుజాల గుండీలు పెట్టిన తరువాత మెడ భాగాన్ని చేతులతో గట్టిగా సాగదీసినా ఆ తల దూరకూడదు. దూరితే బిడ్డ లోపలికి జారిపోయే ప్రమాదముంది. "ఎదిగే పిల్ల కదా" అని బట్టలు ఒక సైజు పెద్దవిగా కుట్టించడం మన ఇళ్ళలో పరిపాటి. గౌనుకు అది పొదుపే గాని, నిద్రసంచికి ఎంతమాత్రం పనికిరాదు.

మెడకు రిబ్బన్లు, లాగి ముడివేసే తాళ్ళు పెట్టరాదు. గుండీలను లోపలి వైపు గుడ్డముక్క ఆసరాగా ఉంచి బలంగా కుట్టాలి. చిల్లుల డిజైన్లలోను, రంగుల అల్లికలో వెనుక వేలాడే దారాలలోను చిన్ని వేళ్ళు చిక్కుకుంటాయి. అందుచేత అందం కొంత తగ్గినా సాదా అల్లికే మేలు.

వాడుక

పొత్తిళ్ళు చేతులను కూడా బిగిస్తాయి కనుక, బిడ్డ బోర్లాపడే ప్రయత్నం మొదలుపెట్టగానే వాటిని మానాలి. నిద్రసంచిలో చేతులు బయటే ఉంటాయి కాబట్టి ఆ తరువాత కూడా వాడవచ్చు. దీనిపై మళ్ళీ దుప్పటి కప్పరాదు. ఇంట్లో నిద్రించేటప్పుడు కుల్లాయి అవసరం లేదు. చేతులు చల్లగా ఉన్నాయని బిడ్డకు చలి అనుకోరాదు, మెడ వెనుక తాకి చూడాలి. అక్కడ చెమట ఉంటే ఉడుపు ఎక్కువైనట్లే. తెలుగునాట లంబసింగి, అరకు, ఆదిలాబాదు వంటి చోట్ల శీతాకాలపు రాత్రులలో తప్ప దీని అవసరం అరుదు.

ఉతికిన తరువాత తీగపై వేలాడదీస్తే తడి బరువుకు మెడ సాగుతుంది. తువ్వాలుపై పరచి ఆరబెట్టి, తొడిగే ముందు మెడను మళ్ళీ కొలవాలి.