ఆకుకు చీటీ, పూతకు కేసు

"గంజాయి మందుకు చీటీ రాస్తే పోలీసోళ్లు ఊరుకుంటారా సామీ?" అనంతపురంలో ఆయుర్వేద వైద్యుడి ముందు కూర్చున్న ఎవరికైనా వచ్చే అనుమానమే. మందు ఆకుతో చేసిందైతే ఊరుకుంటారు. ఒకే మొక్కలో ఆకుకో న్యాయం, పూతకో న్యాయం ఎలా వచ్చాయి?

వైద్యంలో ఈ ఆకు భంగ, విజయ. అరగకముందే ఒళ్లంతా పాకే మందుల్లో దీన్ని చేర్చింది పాత ఆయుర్వేద గ్రంథం శార్ఙ్గధర సంహిత. అందుకే శోధన చేయనిదే వాడరు. ఆకును గుడ్డలో మూటగట్టి తుమ్మచెక్క కషాయంలో వేలాడదీసి ఉడికిస్తారు. ఆరబెట్టి నేతిలో వేయిస్తారు. కరువుసీమ చెరువుకట్టల మీద పెరిగే నల్లతుమ్మకు ఇదో పని. విరేచనాలకిచ్చే జాతీఫలాది చూర్ణంలో జాజికాయకు తోడు ఈ ఆకే.

1839లో కలకత్తాలో ఓషానెస్సీ అనే డాక్టరు ధనుర్వాతం రోగుల మీద వాడి చూసి రాశాక, పడమటి వైద్యమూ దీన్ని అందుకుంది. 1893-94లో తెల్లదొరల కమిషను ఆకును భంగు, పూతను గంజాయి, జిగురును చరస్ అని విడదీసి విచారించింది. నిషేధం వద్దు, పన్నుతో అదుపులో ఉంచితే చాలంది. 1961 అంతర్జాతీయ ఒప్పందం పూతనూ జిగురునూ పట్టుకుని విడి ఆకును వదిలింది. మన 1985 మాదకద్రవ్యాల చట్టమూ ఆ గీతే గీసింది. గంజాయి 20 కిలోలు దాటితే శిక్ష పదేళ్లకు తగ్గదు. విడి ఆకు మాత్రం రాష్ట్రాల ఎక్సైజు చేతిలో ఉండిపోయింది.

మందుగా మారిన ఆకుకు 1940 నాటి ఔషధ చట్టం వర్తిస్తుంది. దాని నియమాల్లో భంగ ఉన్నది విషద్రవ్యాల పట్టికలో. అమ్మకానికైతే లైసెన్సున్న ఫార్మసీయే తయారు చేయాలి. రిజిస్టరైన ఆయుర్వేద వైద్యుడు రోగిని చూసి, మోతాదు రాసివ్వాలి. డబ్బా మీద 'జాగ్రత్త, వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలి' అన్న మాట తప్పనిసరి. అయితే అది ఇంగ్లీషులో, హిందీలో ఉంటే చాలు. తెలుగు మాత్రమే చదవగలిగిన రోగికి ఆ హెచ్చరిక వైద్యుడి నోటనే అందాలి.

చీటీ, బిల్లు, డబ్బా మూడూ ఒకే సంచిలో ఉంచుకోవడం మేలు. లేబులు లేకుండా ఎవరో కట్టిచ్చిన పొట్లం జోలికి పోవద్దు. చట్టం వదిలింది పూత కలవని ఆకును. అందులో పూతరెబ్బలు కలిశాయంటే ఆ ఆకూ గంజాయి లెక్కలోకే వస్తుంది.