గుర్తు నుంచి జీవో దాకా: మన్యంలో ఎన్నికల ప్రచారం

అరకు, పాడేరు, చింతపల్లి, పార్వతీపురం ప్రాంతాల్లోని తూర్పు కనుమల కొండసీమను జనం మన్యమంటారు, సర్కారు కాగితాలు ఏజెన్సీ అంటాయి. ఈ రెండో పేరుకు మూలం 1839 నాటి 24వ చట్టం. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా నియమించి, సివిలు, క్రిమినలు అధికారాలన్నీ ఆయన చేతిలో పెట్టడంతో ఏజెంటు ఏలే సీమ ఏజెన్సీ అయింది. 1935 భారత ప్రభుత్వ చట్టం వచ్చేనాటికి కూడా ఇది ‘పాక్షిక మినహాయింపు ప్రాంతం’గానే, అంటే శాసనసభ చేసిన చట్టం గవర్నరు ప్రకటిస్తే తప్ప వర్తించని ప్రాంతంగానే మిగిలింది. 215 స్థానాలున్న నాటి మద్రాసు శాసనసభలో వెనుకబడిన ప్రాంతాలు, తెగలన్నిటికీ కలిపి కేటాయించింది ఒక్క సీటు. ఇక్కడి జనానికి ఏలుబడి తెలుసు గానీ, ఏలేవాడు ఇంటి ముందుకొచ్చి చేతులు జోడించడం 1951–52 సార్వత్రిక ఎన్నికల దాకా తెలియదు.

ఆ తొలి ఎన్నికలో ఓటు వేసే పద్ధతిని కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే మన్యంలో ప్రచారం ఎలా మొదలైందో దానిలోనే ఉంది. పోలింగు కేంద్రంలో అభ్యర్థికొక ఇనుప పెట్టె ఉండేది, దాని మీద ఆ అభ్యర్థి గుర్తు అంటించి ఉండేది. ఓటరు కాగితం మీద ఏ ముద్రా వేయనక్కర లేకుండా, తనకు నచ్చిన బొమ్మ ఉన్న పెట్టెలో దాన్ని జారవిడిస్తే చాలు. చదువు రాని దేశం కోసం చేసిన ఈ ఏర్పాటు, చదువుతో పాటు తెలుగు కూడా అంతంతమాత్రంగా వచ్చిన కొండల్లో మరింత అక్కరకొచ్చింది. ఒక సంతలోనే ఆదివాసీ ఒడియా, కువి, పోర్జా, గదబ, తెలుగు వినిపించే చోట కాడి కట్టిన ఎడ్ల జతకూ, కంకికొడవలికీ అనువాదం అక్కర లేదు. గుర్తు చూపించడమే ఇక్కడి తొలి ప్రచారం, పార్టీ పేరు, సిద్ధాంతం ఆ తర్వాతివి.

అయితే ఆ ఎన్నికలో గుర్తు కంటే ముందే జనానికి తెలిసిన పేరు కూడా ఒకటుంది. 1922–24 నాటి మన్యం తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు వెంట నడిచి, పట్టుబడి, మరణశిక్ష యావజ్జీవంగా మారగా అండమాను జైలు చూసివచ్చిన గాం మల్లుదొర, 1952లో విశాఖపట్నం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఏ సర్కారు మీద విల్లు ఎక్కుపెట్టి శిక్ష అనుభవించారో ఆ సర్కారు స్థానంలో వచ్చిన సభలోనే సభ్యుడిగా కూర్చోవడం చిన్న విషయం కాదు. మన్యం చరిత్ర రాసినవారు తిరుగుబాటు దగ్గరే ఆగిపోయి ఈ ఘట్టాన్ని దాటవేయడం అన్యాయమే.

మల్లుదొర గెలిచినది ద్విసభ్య నియోజకవర్గం, అంటే ఒకే ప్రాంతం నుంచి ఇద్దరిని ఎన్నుకునే నియోజకవర్గం. అందులో ఒక స్థానం జనరల్, రెండోది రిజర్వుడు. ఈ ఏర్పాటు లోతుపాతులు దేశానికి తెలిసివచ్చింది 1957లో, పార్వతీపురంలో. కాంగ్రెస్ తరఫున జనరల్ స్థానానికి నిలబడినవారు వరాహగిరి వెంకటగిరి, అప్పటికే కేంద్రంలో కార్మిక మంత్రిగా పనిచేసిన నాయకుడు. గిరిజనులుగా పోటీ చేసిన ఇద్దరు బిడ్డిక సత్యనారాయణ, దిప్పల సూరిదొర. నిబంధన ప్రకారం గిరిజన అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి ముందు రిజర్వుడు స్థానం ఇచ్చి, తర్వాత మిగిలిన వారందరిలో, గిరిజనులైనా కాకపోయినా, ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వారికి రెండోది ఇవ్వాలి. సత్యనారాయణకు రిజర్వుడు స్థానం దక్కింది. మిగిలిన వారిలో గిరి కంటే సూరిదొరకు కొద్ది వందల ఓట్లు ఎక్కువ రావడంతో జనరల్ స్థానం కూడా కొండవాడిదే అయింది.

గిరి కోర్టుకెళ్ళారు. రిజర్వుడు స్థానం కోసం నామినేషను వేసిన వ్యక్తి జనరల్ స్థానానికి పనికిరాడన్నది ఒక వాదన. సూరిదొర క్షత్రియుడిగా మారిపోయాడు కనుక గిరిజనుడే కాడన్నది మరొకటి. సుప్రీంకోర్టు 1959లో రెండింటినీ తోసిపుచ్చింది. రిజర్వేషను అన్నది కనీసం ఇంతమంది ఉండి తీరాలన్న హామీయే తప్ప ఇంతకు మించి ఉండకూడదన్న కంచె కాదన్నదే ఆ తీర్పులోని సారం. ఆ అర్థం మాత్రం పార్లమెంటులో ఎంతోకాలం నిలవలేదు: 1961లో ద్విసభ్య నియోజకవర్గాలనే రద్దు చేస్తూ చట్టం వచ్చింది. ఓడిన గిరి 1969లో రాష్ట్రపతి అయ్యారు కాబట్టి ఆ ఎన్నికను ఆయన జీవితంలో ఒక అడ్డంకిగా చెప్పుకోవడం పరిపాటి. మన్యం వైపు నుంచి చూస్తే, రిజర్వేషను మెట్టు ఎక్కకుండా గిరిజనుడు జనరల్ స్థానాన్ని గెలిచిన రోజది.

తర్వాతి రెండు దశాబ్దాల్లో ప్రచారానికి ఇప్పటికీ కనిపించే రూపం వచ్చింది: సంత రోజున జీపు, గుర్తున్న జెండా, నాయకుడి రాకకు థింసా నాట్యం. చైత్రంలో వచ్చే ఇటుకల పండుగ, ఎన్నికల రుతువు ఒక్కోసారి కలిసిపోతాయి. ఊరంతా విల్లంబులతో వేటకు కదిలే రోజుల్లో ఓట్లడిగేవారు ఖాళీ గుడిసెల మధ్య తిరగాల్సి వస్తుంది.

మన్యంలో ప్రచార భాషను మార్చినవి నినాదాలు కావు, అంకెలు. 1970లో సవరించిన భూబదలాయింపు నిబంధన, గిరిజన ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి వెళ్ళకూడదన్నది, ఇక్కడ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అయింది. అక్షరం రాని ముసలమ్మ కూడా ఆ పేరు చెబుతుంది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకిచ్చిన గనుల లీజులపై సమత సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, సర్కారు కూడా ఆ నిబంధనకు కట్టుబడాల్సిందేనని చెప్పి దానికి కొత్త బలం ఇచ్చింది. 2015 నవంబరులో చింతపల్లి, జెర్రెల బాక్సైటు కోసం 1,212 హెక్టార్ల అడవిని మళ్ళించిన జీవో 97, కొండల్లో ఏ మేనిఫెస్టో కంటే ఎక్కువగా నోళ్ళలో నానింది. 2019లో అధికారం మారాక అది రద్దయింది.

జీవో అంటే ప్రభుత్వ ఉత్తర్వు. దాన్ని చదవాలంటే తెలుగు, ఇంగ్లీషు రెండూ రావాలి, వాటి వెనుక ఉన్న చట్టం తెలియాలి. ఇక్కడే విద్యార్థి రంగంలోకి వచ్చాడు. ఆశ్రమ పాఠశాలల్లో, అంటే తిండీ బసా ఉన్న గిరిజన బడుల్లో చదివి, అరకు, పాడేరు డిగ్రీ కళాశాలలకు చేరిన తరం, ఇంట్లో తొలిసారి అక్షరం చదివిన తరం, పేపరు వార్తను తాతకు కువిలోనో ఒడియాలోనో విప్పి చెప్పే బాధ్యత ఎత్తుకుంది. ఏజెన్సీ బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసినప్పుడు, బీఎడ్ చదువుతున్న యువకుడికి అది వార్త కాదు, తన ఉద్యోగమే. ఆ తర్వాత ఓట్ల కోసం కొండెక్కినవారిని నిలబెట్టి అడిగిన ప్రశ్నల్లో ‘జీవో మూడు సంగతేమిటి’ అన్నదొకటి. దానితో పాటే వినిపించింది డోలీ మాట. కర్రకు దుప్పటి ఉయ్యాలలా కట్టి, నిండు గర్భిణిని అందులో పడుకోబెట్టి, రోడ్డు తగిలేదాకా ఇద్దరు భుజాల మీద మోసుకురావడమే డోలీ. ప్రతి ఎన్నికలోనూ ఆ రోడ్డు హామీ వినడం, మళ్ళీ డోలీ కట్టడం కొండ గూడేలకు అలవాటుగా మారడం ఎవరికైనా సిగ్గుచేటే.

రాజకీయం ఇక్కడ ప్రాణాలు కూడా తీసింది. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగూడ మండలం లివిటిపుట్టులో అరకు శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావును, మాజీ సభ్యుడు సివేరి సోమను మావోయిస్టులు కాల్చిచంపారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో అరకు లోక్‌సభ స్థానంలో ‘నోటా’కు, అంటే పై వారెవరూ వద్దన్న మీటకు, 47,977 ఓట్లు పడ్డాయి. జాబితాలో చివరి మీట కావడం వల్ల పొరపాటున నొక్కారని కొందరంటారు. 1952 నుంచి బొమ్మ చూసి ఓటేయడంలో ఆరితేరిన జనం అంత సంఖ్యలో పొరబడ్డారనడం నమ్మశక్యంగా లేదు. 2015 నుంచి నోటాకు కూడా గుర్తుంది, అడ్డగీతలు పడిన బ్యాలెట్ కాగితం బొమ్మ.

ఇదే లోక్‌సభ స్థానం అంచున, సాలూరు మండలానికి ఆనుకుని కొటియా గ్రామాలు ఇరవై ఒకటి ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, ఒడిశా రెండూ తమవంటున్న ఈ ఊళ్ళలో చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉంటాయి, రెండు వైపుల నుంచీ నాయకులు వస్తారు. 2024 మే 13న సాలూరు వైపు, కోరాపుట్ వైపు ఒకే రోజు పోలింగు పెట్టారు; ఆ ఉదయం ఒకే ఊరి మనుషుల కోసం రెండు రాష్ట్రాల పోలింగు కేంద్రాలు తలుపులు తెరిచి ఎదురుచూశాయి.